అణియంలో పసుపు మూట

పోయిన వారం మునిస్వామిని మనం సముద్రం మధ్యలో, కొత్త పడవలో, మోకాళ్ళ దాకా నీళ్ళలో వదిలేసి వచ్చాం. ఆ తర్వాత మనం హాయిగా భోజనాలు చేసి పడుకున్నాం గానీ, అతనూ అతని మనుషులూ బకెట్లతో నీళ్ళు తోడి తోడి, పట్టిన చేపలన్నీ పట్టినచోటే పారబోసి, ఎలాగో దమ్మామ్ రేవుకి వచ్చి పడ్డారు. ప్రాణాలు దక్కాయి. పరువు మాత్రం దక్కలేదు. కొత్త పడవని ఇంకో పడవ వెనక తాడు కట్టి లాక్కురావడం రేవులో ఉన్నవాళ్ళంతా చూశారు.

కొత్తగా మనతో కలిసినవాళ్ళ కోసం రెండు ముక్కలు. మునిస్వామిది నెల్లూరు జిల్లాలో సముద్రపు ఒడ్డు పల్లె. సౌదీలోని దమ్మామ్‌లో అబూ జాసిం అనే పెద్దాయన దగ్గర నోఖదా, అంటే పడవకి పెద్ద. అబూ జాసిం తన తండ్రి నాటి కొయ్య పడవని అమ్మేసి, మునిస్వామి మాట మీదే ఫైబరు పడవ కట్టించుకున్నాడు. మబ్రూకా అని పేరు పెట్టుకున్నాడు. శుభం కలిగినది అని ఆ మాటకి అర్థం. ఆ శుభం ఏపాటిదో నీళ్ళలోకి దించిన కొద్ది రోజులకే తెలిసింది. స్టీరింగు బిగుసుకుపోతే యార్డువాళ్ళు వచ్చి బాగుచేశారు. నీళ్ళు తోడే పంపు పనిచెయ్యకపోతే మార్చారు. ఐసు పెట్టె మూత సరిగా కూర్చోకపోతే రబ్బరు అంటించిపోయారు. కొత్త పడవన్నాక ఇవన్నీ మామూలేనని అందరూ సర్దుకున్నారు. కానీ పడవ లోపలికి నీళ్ళు రావడం మామూలు కాదు.

పడవ కట్టిన యార్డు గ్యారంటీ ఇచ్చింది. పడవలో లోపం ఉంటే కొత్తది కట్టిస్తుంది. నడిపినవాడు రాయికి కొట్టి ఉంటే పైసా ఇవ్వదు. రాయికి కొట్టారని యార్డు మేనేజరు అంటున్నాడు. కొట్టలేదని మునిస్వామి అంటున్నాడు. ఎవరి మాట నిజమో తేల్చడానికి అబూ జాసిం ఒక ఇంజనీరుని పిలిపించాడు.

ఆ ఉదయం యార్డులో రేకుల షెడ్లు అప్పుడే కాగిపోతున్నాయి. మబ్రూకాని ఇనుప స్టాండ్ల మీద నిలబెట్టారు. నీళ్ళ మీద ఉన్నంతసేపే పడవకి అందం. ఒడ్డున ఇలా కడుపు కనిపించేలా నిలబెడితే, ఆసుపత్రి మంచం మీద సొంత మనిషిని చూసినట్టుంటుంది. మునిస్వామి దాని వైపు తిన్నగా చూడలేక, నేల వంకా స్టాండ్ల వంకా చూస్తూ నిలబడ్డాడు.

ఇంజనీరు పేరు హేమసుందర్. ముప్పై దాటిన విశాఖపట్నం మనిషి. చిన్న సుత్తి ఒకటి పట్టుకుని పడవ వెనకవైపు నుంచి మొదలుపెట్టి, అడుగు అడుగుకీ తడుతూ చెవి పెట్టి వింటున్నాడు. టక్, టక్ అని గట్టి చప్పుడు వస్తోంది. యార్డు మేనేజరు అబ్దుల్ ఘనీ కరాచీ మనిషి. ప్రతి చప్పుడుకీ ఇది నా యార్డు పని అన్నట్టు తలాడిస్తూ పక్కనే నడుస్తున్నాడు. అబూ జాసిం నీడలో కుర్చీ వేసుకుని తస్బీహ్ జపమాల పూసలు తిప్పుతున్నాడు. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నా చెవులు సుత్తి మీదే ఉన్నాయి.

సుత్తి పడవ ముందుభాగానికి, మన జాలర్లు అణియం అనే చోటికి వచ్చింది. టక్, టక్, టక్. ఆపైన దబ్ మంది.

హేమసుందర్ ఆగాడు. అక్కడే మళ్ళీ తట్టాడు. మళ్ళీ దబ్ మంది. లోపల బోలుగా ఉన్న చప్పుడది.

అక్కడ ఏముందో ఆ యార్డులో ఇద్దరికే తెలుసు. ఒకడు మునిస్వామి. రెండోవాడు షెడ్డు చివర ముఖానికి గుడ్డ కట్టుకుని ఫైబరు పట్టీలు కత్తిరిస్తున్న మొండయ్య.

పడవ తయారవుతున్న రోజుల్లో మునిస్వామి రోజూ యార్డుకి వచ్చి చూసుకునేవాడు. కడుపుతో ఉన్న కూతురిని చూసుకున్నట్టు చూసుకుంటున్నావని మొండయ్య నవ్వేవాడు. అలా మొదలైంది స్నేహం. జగిత్యాల దగ్గరి పల్లెటూరి నుంచి వచ్చిన మొండయ్య అన్ని పడవలు తయారుచేసినా ఒక్క పడవా ఎక్కినవాడు కాదు. సముద్రమంటే భయం. శుక్రవారాలు మునిస్వామి చేపలు తెచ్చి పులుసు పెడితే, రేవు గట్టు మీద సముద్రానికి వీపు పెట్టి కూర్చుని తినేవాడు.

మునిస్వామి వాళ్ళ ఇంట్లో ఏ కొత్త పడవకైనా అణియంలో గంగమ్మ మూట పెట్టాల్సిందే. తాత పెట్టాడు, నాయన పెట్టాడు. ఒక రాగి కాణీ, ఒక పసుపు కొమ్ము, ఊరి రేవులో పిడికెడు ఇసుక, అన్నీ పసుపు గుడ్డలో కట్టి, అమ్మవారి దీపంలోని నూనెలో ముంచి, కొయ్యలో చిన్న గాడి తీసి పెట్టి పైన కీలు, అంటే తారు, పూసేస్తారు. మూట లేని పడవలో అడుగుపెట్టనని మునిస్వామి పంతం పట్టలేదు గానీ, అతని పెళ్ళాం రత్తమ్మ పట్టింది. సెలవు మీద వెళ్ళి వస్తున్న మనిషి చేతికిచ్చి, ఆవకాయ సీసాల మధ్యలో దాచి మరీ పంపించింది. ఫైబరు పడవలో గాడి ఎక్కడ తియ్యాలి? పొరల మధ్య పెట్టమని మునిస్వామి మొండయ్యని బతిమాలాడు. మొండయ్య ముందు వద్దన్నాడు. ఇక్కడ ఇలాంటివి చూస్తే చేతబడి అంటారు, సిహర్ అంటారు, ఇద్దరి బతుకూ బుగ్గవుతుందని భయపడ్డాడు. ఆపైన ఫోనులో రత్తమ్మ, అన్నా, నా పసుపు కుంకుమ నీ చేతిలో ఉండాది, అంది. మొండయ్య ఒప్పుకున్నాడు. మధ్యాహ్నం నమాజుకి అందరూ వెళ్ళినప్పుడు మూటని పొరల మధ్య పెట్టి, పైన ఇంకో పొర పరిచి రెజిన్ జిగురు పూసేశాడు.

ఆ తర్వాత రత్తమ్మ ఎప్పుడు ఫోను చేసినా, అమ్మ లోపలుండాది, నాకు దిగుల్లేదు, అనేది.

అందుకే ఆ దబ్ అనే చప్పుడు విన్నప్పుడు మునిస్వామి భయపడింది మూట బయటపడుతుందని మాత్రమే. అంతకంటే పెద్ద దెబ్బ ఇంకా ముందుంది.

"కెప్టెన్ మీరేనా?" హేమసుందర్ తెలుగులోకి దిగాడు. "పేరు చూడగానే మనవాళ్ళే అనుకున్నాను."

"అవును సార్. నెల్లూరు జిల్లా."

"ఇలా రండి."

అణియం కింద, వెంట్రుకంత సందు ఒకటుంది. దానిలోంచి పచ్చటి తడి కొద్దిగా ఊరుతోంది. హేమసుందర్ దాన్ని వేలితో తీసి, బొటనవేలితో రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అంతవరకూ అతని ముఖంలో ఉన్న ఇంజనీరు కాసేపు ఎక్కడికో వెళ్ళిపోయాడు. మళ్ళీ వాసన చూశాడు.

"ఇది రెజిన్ వాసన కాదు," అన్నాడు మెల్లిగా. "దీపారాధన కుందులు తోమేటప్పుడు మా అమ్మమ్మ చేతులు ఇదే వాసన వచ్చేవి. నువ్వుల నూనె. పసుపు కూడా ఉంది. ఈ పడవలోకి ఎలా వచ్చిందండీ ఇది?"



"క్యా బోల్ రహా హై?" ఏమంటున్నాడని అడుగుతూ అబ్దుల్ ఘనీ దగ్గరికొచ్చాడు.

"స్పీడు ఎంతలో నడిపాడో అడుగుతున్నాను," అని హిందీలో చెప్పి, హేమసుందర్ మళ్ళీ తెలుగులోకి వచ్చాడు. ముఖంలో ఏ మార్పూ కనపడనివ్వలేదు. "వాళ్ళకి మన భాష రాదు. మీ ముఖం మామూలుగా పెట్టుకుని చెప్పండి. లోపల ఏముంది?"

"అమ్మవారి మూట సార్. గంగమ్మ మూట."

"పొరల మధ్యలోనా?"

"అవును సార్. రక్షగా పెట్టించినా. మా ఇంట్లో అందరూ పెట్టేదే. కొయ్య పడవకి ఏమీ కాలా."

హేమసుందర్ కళ్ళు మూసుకుని తెరిచాడు. "కొయ్య పడవ మేకుల మీద నిలబడుతుంది మునిస్వామి గారూ. ఇది జిగురు మీద నిలబడుతుంది. పొర మీద పొర అంటుకుంటేనే ఇది పడవ. నూనె తగిలినచోట రెజిన్ అంటుకోదు. మూటలోని నూనె చుట్టూ పాకింది. అంతమేరా పొరలు విడిపోయి ఉన్నాయి. అల కొట్టినప్పుడల్లా ఇంకొంచెం విడిపోయింది. ఆ సందులోంచే నీళ్ళొచ్చాయి."

"అంటే..."

"అంటే రాయి తగల్లేదు. యార్డు పని కూడా బాగుంది. నీళ్ళు రావడానికి కారణం ఆ మూటే."

మునిస్వామికి ఆ మాటలు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక స్టాండు పట్టుకున్నాడు. ఆ ఇనుము ఎండకి కాలి ఉంది, చెయ్యి చురుక్కుమన్నా తియ్యలేదు. పడవలోకి నీళ్ళొచ్చిన రోజు అతను పిలిచింది ఆ అమ్మనే. బకెట్టు బకెట్టుకీ పిలిచాడు. తనతో ఉన్న మనుషులు ఏడుస్తుంటే, అణియంలో అమ్మ ఉంది, మునగనివ్వదు అని ధైర్యం చెప్పాడు. మునిగిపోబోయింది ఆ మూట వల్లే. దాన్ని పెట్టించింది తను. ఇన్నాళ్ళూ సముద్రాన్ని తిట్టాడు, యార్డుని తిట్టాడు, పంపుని తిట్టాడు. తిట్టాల్సింది తన్నే అని తెలిశాక ఆ తిట్లన్నీ తిరిగొచ్చి తన మీదే పడ్డాయి.

రత్తమ్మకి ఏమని చెప్పాలి? నీ మూట మమ్మల్ని చంపబోయింది అని ఆ పిచ్చితల్లికి ఏ నోటితో చెప్పాలి?

"వినండి," అన్నాడు హేమసుందర్. సుత్తితో ఊరికే తడుతూనే ఉన్నాడు, పని చేస్తున్నట్టు. "నేను మూట సంగతి రాస్తే గ్యారంటీ పోతుంది. పెద్దాయనకి పడవా ఉండదు, డబ్బూ రాదు. మీకేమవుతుందో నాకంటే మీకే బాగా తెలుసు. అందుకని అక్కడ పొరలు అంటుకోలేదు, వర్క్‌మన్‌షిప్ బాలేదు అని రాస్తాను. అది పూర్తి అబద్ధమేమీ కాదు. యార్డు కొత్త పడవ కట్టిస్తుంది. ఈ ముక్కని తీసేటప్పుడు మూట సంగతి మీరు చూసుకోండి. మీరు నోరు మెదపకుండా ఉంటే చాలు."

"పని బాగాలేదంటే, ఆ పని చేసినవాడు?"

"అది యార్డు చూసుకుంటుంది. వీసా రద్దు చేసి, ఎగ్జిట్ కొట్టి పంపేస్తారు. ఇంకోచోట దొరుకుతుంది లెండి." ఆ చివరి మాట అంటున్నప్పుడు హేమసుందర్ మునిస్వామి వైపు చూడలేదు. మంచివాడే. మంచివాళ్ళు కూడా ఒక్కోసారి ఎటూ చూడకుండా మాట్లాడతారు.

అబ్దుల్ ఘనీ ఆ మధ్యలో ఫోనులో ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు. అణియం పొరలు పరిచింది మొండయ్యేనని, రాయి సంగతి తేలకపోతే వాడిని పంపించెయ్యాలని అప్పుడే నిర్ణయమైపోయిందని ఆ మాటల్లోనే తెలిసిపోయింది. మునిస్వామి నీళ్ళు తాగొస్తానని చెప్పి షెడ్డు చివరికి నడిచాడు.

మొండయ్య ముఖానికున్న గుడ్డ కిందికి లాగి అతని వంక చూశాడు. ముఖమంతా ఫైబరు పొడి.

"ఏమంటుండు సారు?"

"మూట వల్లే మొండయ్యా. నూనె వల్ల పొర అంటుకోలేదంట."

మొండయ్య చేతిలో కత్తెర పక్కన పెట్టాడు. గుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు. కళ్ళలో పొడి పడిందో ఏమో, చాలాసేపు తుడుచుకున్నాడు.

"సారు ఏమని రాస్తడట?"

"పని బాగాలేదని."

"నా పనా?"

మునిస్వామి తలవంచుకున్నాడు.

"గీ యార్డుల నేను చేసిన పడవలు ఎన్ని బయటికి పొయినయో నీకు ఎర్కనా అన్నా? జుబైల్ దాకా ఉన్నయ్. ఒక్కదాంట్లకు సుక్క నీళ్ళు రాలె. గీ గనీగాడు నన్ను ఎన్ని తిట్టినా నా పని మీద మాట అననీకి వానికి నోరు రాలె గియ్యాల దాక." మొండయ్య గొంతు పెరగలేదు. అదే మునిస్వామిని ఎక్కువ కోసింది. "నేను వద్దంటి. నీ పెండ్లాం ఏడ్సింది, నువ్వు ఏడ్సినవ్. సరే తియ్యిమని పెట్టిన."

"తప్పు నాదే మొండయ్యా."

"తప్పు నీదైతె నువ్వు పొయ్యి చెప్పు."

"చెప్తే చేతబడి అంటారు. పోలీసుల్ని పిలుస్తారు. ఇద్దరికీ..."

"ఇద్దరం పోదాం. జైలుకైనా పోదాం. కని మొండయ్యకు పని రాదని రాయనియ్యకు. ఉమ ఏమనుకుంటదో, ఊర్లె ఏమనుకుంటరో, అది గాదు. నాకు నేనే ఏమనుకోవాలె? ఇంకోపారి పట్టీ పరిస్తె నా చెయ్యి వణుకదా?"

ఉమ అంటే ఉమాదేవి, అతని భార్య. చెప్పడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యం అతని దగ్గర సముద్రం మీద ఎంత కావాలంటే అంత ఉండేది. ఒడ్డున ఎప్పుడూ తక్కువే.

"కాసేపు ఆలోచించుకోనీ."

"సోచాయించు," అన్నాడు మొండయ్య, గుడ్డ మళ్ళీ ముఖానికి కట్టుకుంటూ. "ఆడ కోసెటందుకు తయారైతుండ్రు."

నిజంగానే తయారవుతున్నారు. అబూ జాసిం కుర్చీలోంచి లేచి పడవ దగ్గరికొచ్చాడు. పెద్దాయన ఇంజనీరుని అడగలేదు, మేనేజరుని అడగలేదు. ఎప్పుడూ పిలిచినట్టే, సామీ అని పిలిచి మునిస్వామిని ఎదురుగా నిలబెట్టాడు.

"నువ్వు రాయికి కొట్టావా?" అరబ్బీలో అడిగాడు.

"లేదు బాబా."

"నీ పిల్లల మీద ఒట్టు?"

"ఒట్టు బాబా. రాయి తగల్లేదు."

ముసలాయన తలాడించాడు. మునిస్వామికి ఆ తలాడింపు చెంపదెబ్బలా తగిలింది. చెప్పింది నిజమే. నిజం చెప్పి ఇంత సిగ్గుపడిన రోజు అతని జన్మలో ఇంకోటి లేదు.

"నా నోఖదా అబద్ధం చెప్పడు," అబూ జాసిం మేనేజరు వైపు తిరిగాడు. "ఇన్నేళ్ళుగా నా ఉప్పు తిన్నాడు, నేను వాడి చేతి కష్టం తిన్నాను. వాడు తగల్లేదంటే తగల్లేదు. తప్పు నీ యార్డుది."

ఇంక తన్ని కాపాడుకునే దారి అబ్దుల్ ఘనీకి ఒక్కటే మిగిలింది. షెడ్డు వైపు తిరిగి కేకేశాడు. మొండయ్య వచ్చాడు. మేనేజరు గ్రైండరు తీసి అతని చేతిలో పెట్టాడు.

"అప్నే హాథ్ సే కాటో," అన్నాడు. "నీ చేత్తో నువ్వే కొయ్యి. నీ పని ఎంత చెత్తగా ఉందో సేఠ్ సాబ్‌కి నువ్వే చూపించు. ఆపైన సామాను సర్దుకో."

మొండయ్య గ్రైండరు అందుకున్నాడు. పడవ మీద హేమసుందర్ సుద్దతో గీసిన గుండ్రటి గీత వైపు చూశాడు. తర్వాత మునిస్వామి వైపు చూశాడు. ఒక్క క్షణం, మునిస్వామి నోరు తెరుస్తాడేమోనన్నట్టు ఆగాడు. మునిస్వామి పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. మొండయ్య ముఖానికి గుడ్డ బిగించుకుని మీట నొక్కాడు.

గ్రైండరు కేక పెట్టింది. తెల్లటి పొడి లేచి అందరి మీదా పడింది. అబ్దుల్ ఘనీ ముక్కు మూసుకుని వెనక్కి పోయాడు. మొండయ్య వెనక్కి జరగలేదు. గీత మీదే, వెంట్రుక అటు ఇటు కాకుండా కోసుకుంటూ పోతున్నాడు. తన పని బాగాలేదని చూపించడానికి కూడా అంత బాగా కోస్తున్నాడు. మునిస్వామికి ఏడుపొచ్చింది. ఆ చేతికి అన్నం పెట్టాను, ఆ చేతినే నరికిస్తున్నాను అనుకున్నాడు. ఇప్పుడు చెప్పాలి అనుకున్నాడు. గీత పూర్తయ్యాక చెప్తాను అనుకున్నాడు. గీత పూర్తయింది.

కోసిన ముక్కని మొండయ్య ఉలితో లేపాడు. పొర ఊడివచ్చింది. ఊడిన చోటంతా పచ్చగా, జిడ్డుగా మెరిసింది. ఆ జిడ్డు మధ్యలో, నీళ్ళకి నాని ఉబ్బిపోయి, మూట.

మొండయ్య ఆ కన్నానికి తన వీపు అడ్డం పెట్టాడు. గ్రైండరు ఆపలేదు, ఎడమ చేత్తో పట్టుకుని ఊరికే తిప్పుతూ ఉన్నాడు, అందరి చూపూ దాని మీదే ఉండాలని. కుడి చెయ్యి కన్నంలోకి వెళ్ళింది. బయటికొచ్చేసరికి పిడికిలి మూసి ఉంది.

ఇందాక షెడ్డు దగ్గర, నువ్వు పొయ్యి చెప్పు అన్న మనిషే. జైలుకైనా పోదాం అన్న మనిషే. ఇప్పుడు మునిస్వామి కోసం ఆ మూటని గుప్పిట్లో దాస్తున్నాడు. పని రాదన్న మాట నెత్తిన పెట్టుకుని విమానం ఎక్కడానికి తయారైపోయాడు. మునిస్వామి అది చూశాడు. చూడకుండా ఉండాల్సిందని ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

అబ్దుల్ ఘనీ కూడా చూశాడు.

"హాథ్ మే క్యా హై?" అని, చేతిలో ఏముందంటూ ముందుకొచ్చి మొండయ్య మణికట్టు పట్టుకున్నాడు. "తెరువు. చెయ్యి తెరువు."

మొండయ్య పిడికిలి తెరవలేదు. పసుపు నీళ్ళు అతని వేళ్ళ సందుల్లోంచి మోచేతి దాకా కారాయి. హేమసుందర్ తల పక్కకి తిప్పుకున్నాడు.

"హాదా హగ్గీ," అన్నాడు మునిస్వామి. అది నాది.

అంత మెల్లిగా అన్నా, గ్రైండరు హోరులో కూడా అబూ జాసింకి వినిపించింది. తస్బీహ్ తిప్పుతున్న వేళ్ళు ఆగిపోయాయి.

మునిస్వామి ముందుకు నడిచాడు. మొండయ్య పిడికిలి మీద చెయ్యి వేసి, వేళ్ళు విప్పి, మూట తీసుకున్నాడు. మొండయ్య వదలడానికి ఇష్టపడలేదు. ఇద్దరి చేతులూ పచ్చబడ్డాయి. మునిస్వామి మూటని తీసుకెళ్ళి ముసలాయన ముందు పట్టాడు.

"నాది బాబా. మా ఇంటి దగ్గర్నించి తెప్పించాను. మా దేవత పేరు మీద పెట్టేది. పడవ బాగుండాలని, మీరు బాగుండాలని పెట్టించాను. చేతబడి కాదు. దీని నూనె వల్లే పొర అంటుకోలేదంట, నాకు ఇవాళే తెలిసింది. అతని పనిలో తప్పేం లేదు. యార్డు తప్పు లేదు. తప్పు నాది."

తనకొచ్చిన అరబ్బీ అంతా అయిపోయింది. తల దించుకుని నిలబడ్డాడు. భయం పోలేదు గానీ, ఆ భయం కింద ఒక చిన్న ఊపిరి ఆడింది. మొండయ్య పేరుకి పడిన మచ్చ పోయిందనుకున్నాడు. ఏం జరిగినా తనకే జరుగుతుంది, ఇక చాలు అనుకున్నాడు.

అబూ జాసిం మూట అందుకోలేదు. అలాగే చూశాడు. నానిన ముడి దానంతటదే విడిపోయి, రాగి కాణీ జారి కింద పడింది. దాని వెనకే మునిస్వామి ఊరి ఇసుక, తడి ముద్దగా, అతని వేళ్ళ మీంచి యార్డు ఇసుకలోకి రాలింది. రెండూ కలిసిపోయాయి.

"గేటు మూయించు," అబూ జాసిం మేనేజరుతో అన్నాడు. "లోపలివాళ్ళు బయటికి పోకూడదు. బయటివాళ్ళు లోపలికి రాకూడదు."

అబ్దుల్ ఘనీ పరుగున వెళ్ళాడు. ఇనుప గేటు మూసుకున్న చప్పుడు యార్డంతా వినిపించింది. ముసలాయన అప్పుడు మునిస్వామికి బాగా దగ్గరగా వచ్చాడు. కోపం ఉన్న ముఖం కాదు అది. కోపమైతే మునిస్వామి గుర్తుపట్టేవాడు.

"మూట నీది. నమ్మాను," అన్నాడు అబూ జాసిం. "నువ్వు నాకు ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు, ఇప్పుడూ చెప్పకు. నువ్వు పడవ నడిపేవాడివి సామీ, కట్టేవాడివి కాదు. రెండు పొరల మధ్య దీన్ని పెట్టి, పైన మూసిన చెయ్యి ఎవరిది?"

మునిస్వామి ఈ ప్రశ్న వస్తుందని అనుకోనేలేదు. తన చేతుల వంక చూసుకున్నాడు.

వెనక మొండయ్య చేతిలో గ్రైండరు ఆగిపోయింది.